మాటల లెక్కయు భాషల చుట్టఱికమును

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో భాషాకుటుంబములను గూర్చి పాఠము చెప్పుచు, తెలుగునకు మిక్కిలి దగ్గఱి తోబుట్టువు కన్నడమని పలికితిని. ఇరువది యేండ్లుగా ప్రతి తరగతికిని ఆ మాటనే చెప్పుచు వచ్చితిని. నాకు చెప్పినవారును అట్లే చెప్పిరి. రెండు భాషల యక్షరములును కవలపిల్లలవలె నుండును గదా! ఆ దినమున వెనుకబల్లమీది బాలు డొకడు లేచి, "మాస్టరుగారూ, అక్షరాలు ఒకటైతే భాషలు చుట్టాలవుతాయా అండీ? మా తండాలో మా మాట కూడా తెలుగు అక్షరాలతోనే రాసుకుంటాం. మరి మా మాట తెలుగుకు చుట్టమేనా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు సరియైన యుత్తరము చెప్పవలెనన్న నా యిరువదియేండ్ల పాఠమును నేనే పరీక్షింపవలసి వచ్చినది. ఆ పరీక్ష యెట్లు జరిగినదో ఈ పత్రికా పాఠకులకు నివేదించుచున్నాను.

మా కురిచేడు చిన్న యూరే యైనను భాషలను విన గోరువానికి చెడ్డచోటు కాదు. గుంటూరునుండి గుంతకల్లునకు బోవు రైలుదారిలో వినుకొండకును దొనకొండకును నడుమ మా స్టేషను గలదు. ఆ దారినే పడమరగా సాగినచో మార్కాపురము, కంభము, గిద్దలూరు వచ్చును. నల్లమల యడవి వచ్చును. గుంతకల్లు దాటి బళ్లారి చేరినచో కన్నడము వినబడును. బండి వచ్చు వేళ స్టేషనులో నిలిచి చెవి యొగ్గి వినుడు. తెలుగు వినబడును, ఉర్దూ వినబడును. తండాలనుండి వచ్చిన సుగాలీలు తమలో తాము లంబాడీ మాటలాడుకొందురు. ఎఱుకలవారిలో పెద్దలు తమ యింటిమాటను ఇంకను మఱవలేదు. వీరందఱును అంగడిలో తెలుగే పలుకుదురు. కాని యింటికి బోయి తల్లితో పలుకు మాట వేఱు. గ్రియర్సను దొరగారి భారతభాషా సర్వేక్షణమున నాలుగవ సంపుటము 1906 లో వెలువడినది. అందు ఎఱుకల మాట తమిళముతో జేర్పబడినది. లంబాడీ మాట రాజస్థానీ భాషలతో జేరినది. ఒక్క స్టేషను గట్టుమీద నిలిచిన ముగ్గురి యింటిమాటలు మూడు దిక్కులనుండి వచ్చినవన్నమాట.

ఇట్టి సంబంధములను ఏ యాధారముతో నిర్ణయింతురు? లిపి యాధారము కాదు. లిపి వస్త్రమువంటిది, ఎవరి వస్త్రము నెవరైనను ధరింపవచ్చును. మఱి మాటలను లెక్కింపవచ్చునా? లెక్కింపవచ్చును గాని ఏ మాటలను లెక్కింపవలెనో ముందు తెలియవలెను. ఇచ్చటనే పలువురు పొరబడిరి.

ఈ వ్యాసమునందలి ఒక పుటను తీసికొని సంస్కృతపదముల క్రింద గీతలు గీయుడు. "సంవత్సరము, భాష, కుటుంబము, పాఠము, అక్షరము, ప్రశ్న, పరీక్ష" ఇవన్నియు సంస్కృతములే. ఆ గీతలను బట్టి తీర్పు చెప్పినచో తెలుగు సంస్కృతమునకు బిడ్డ యగును. పిమ్మట మీ యింటిలోని పాత పొలము కాగితమొకటి తీయుడు. "దస్తావేజు, రసీదు, ఖరీదు, జమీను, వకీలు, కచేరి, తహసీలుదారు" అని యుండును. ఆ కాగితమును బట్టి తీర్పు చెప్పినచో తెలుగు పారసీకమునకు బిడ్డ యగును. రైలుస్టేషనులో టిక్కెట్టు కొనుచు తీర్పు చెప్పినచో ఆంగ్లమునకు బిడ్డ యగును! ఒక్క బిడ్డకు ముగ్గురు తల్లు లుండుట కుదరదు. చదువు, న్యాయస్థానము, యంత్రము ఇవి యెవరివద్దనుండి వచ్చునో వారి మాటలును వానితోడనే వచ్చును. అవి యెరువు సొమ్ము. తల్లి యిచ్చిన సొమ్మేదో చూడవలెను.

ఈ భేదమును తెలుగునకు సంబంధించి మొదట గట్టిగా నిరూపించినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను దొర. ఆయన చెన్నపట్టణమున కలెక్టరు. 1812 లో స్థాపింపబడిన సెయింటు జార్జి కోట కళాశాలకు ప్రాణము వంటివాడు. ఆనాటి యూరోపియను పండితులలో పెక్కురు దక్షిణదేశ భాషలన్నియు సంస్కృతమునుండి పుట్టినవనియే నమ్మియుండిరి. శ్రీరామపురమునందలి విలియం కేరీ గారు 1814 లో తెలుగు వ్యాకరణమును ముద్రించిరి. వారి యభిప్రాయమును అదియే. కేరీ గారి నామమును గౌరవముతో దలచువారిలో నేనును ఒకడను. అయినను ఈ యొక్క విషయమున ఆ మహనీయునిది పొరబాటు, కలెక్టరుగారిది ఒప్పు. ఎ. డి. క్యాంబెల్ దొర 1816 లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ ఒక పీఠికాభాగము వ్రాసి, తన వాదమును అందుంచెను.

ఆయన చేసిన పని చూడ సులభముగనే యుండును. కళాశాలలోని పట్టాభిరామశాస్త్రిగారి సాయముతో తెలుగు ధాతువుల పట్టికను గూర్చి, దానిని సంస్కృత ధాతువుల ప్రక్కను నిలిపెను. రెండును కలియలేదు. పిమ్మట తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను మూడు వరుసలుగా నిలిపెను. అవి కలిసినవి. మచిలీపట్టణ నివాసియగు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక యను నిఘంటువుయొక్క పీఠికనుండి తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగములను గ్రహించి, సంస్కృతపదములను తీసివేసిన పిమ్మట మిగులు దేశ్యమే భాషకు మూలధనమని చూపెను. మన వైయాకరణులు తరతరములుగా చేసికొన్న విభాగమే ఈ నిరూపణకు ఊతకోల యైనదని మన విద్యార్థు లెఱుగవలెను. ఎల్లిస్ 1819 లో మరణించెను. ఆయన మాట పెక్కుమందికి చేరలేదు. 1856 లో బిషప్ కాల్డ్వెల్ గారి ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము వెలువడిన తరువాతనే లోకమునకు ద్రావిడకుటుంబ మను పేరు స్థిరముగా తెలిసినది.

అంతటితో వివాదము తీరెనని తలపవలదు. 1937 లో చిలుకూరి నారాయణరావుగారు ఆంధ్రభాషా చరిత్రమను బృహద్గ్రంథమున తెలుగు ప్రాకృతజన్య మని వాదించిరి. వారు చూపిన పదముల రాశి చూచిన కన్నులు చెదరును. అంతటి శ్రమ చేసినవారిని తేలికగా మాటలాడ రాదు. కాని పదములు ఎన్ని యనునది గాక, ఎట్టివి యనునదియే ఇచ్చట ప్రశ్న. పదివేల మాటలు ఎరువు తెచ్చుకొన్నను "నేను, నీవు, కన్ను, కాలు" అను మాటలను పొరుగింటనుండి యెరువు తెచ్చుకొనువారు అరుదు.

ఈ సూత్రమునే అమెరికా దేశపు పండితుడు మోరిస్ స్వాదేశ్ 1950 తరువాతి సంవత్సరములలో ఒక లెక్కగా మార్చెను. ఏ దేశమునందైనను, ఏ కాలమునందైనను మనుష్యుడు పలుకక తప్పని మాటలు, అనగా శరీరావయవములు, నీరు, నిప్పు, రాయి, చెట్టు, నేను, నీవు, తినుట, చచ్చుట మొదలగువానిని ఏరి, మొదట రెండువందల పైచిలుకు మాటల పట్టికను, తుదకు నూఱు మాటల పట్టికను చేసెను. రెండు భాషలలో ఈ నూఱింటిలో ఎన్ని యొక్క మూలమునుండి వచ్చినవో లెక్కించిన, చుట్టఱికము ఎంత దగ్గఱయో తెలియునని ఆయన మతము.

మేమును తరగతిలో ఒక పట్టిక కట్టితిమి. నూఱు మాటలు మాకు బరువని యిరువదియైదు తీసికొంటిమి. కన్ను, చెవి, ముక్కు, నోరు, పల్లు, నాలుక, చేయి, కాలు, నెత్తురు, ఎముక. నీరు, నిప్పు, రాయి, చెట్టు, ఆకు. పాము, పేను, కుక్క, చేప, గుడ్డు. పేరు, నేను, నీవు, రెండు, తిను. తమిళ కన్నడములకు నిఘంటువులను చూచితిమి. శిక్షణకళాశాలలో నాతో చదివిన తమిళమిత్రు డొకడు నా సందేహములను తీర్చెను.

ఒక్కమాట చెప్పి లెక్కలోనికి బోయెదను. పోలిక వేఱు, మూలము వేఱు. గ్రీసు దేశస్థులు నేడు నీటిని "నెరో" అందురు. మన "నీరు"తో నెంత పోలిక! కాని వారి మాట "క్రొత్తది, తాజాది" యను అర్థముగల ప్రాచీన పదమునుండి వచ్చినది. మనకు దానితో నేమియు సంబంధము లేదు. తమిళుల "ఒన్ఱు"నకు ఆంగ్లేయుల "వన్"నకు గల పోలికయు కాకతాళీయమే. మఱియొక వైపు, చూపునకు పోలిక లేని మాటలు ఒక్క మూలమువే కావచ్చును. "పేరు"ను కన్నడిగులు "హెసరు" అందురు. వినుటకు దూరమే. కాని చూడుడు: పల్లు, హల్లు, పాము, హావు, పేను, హేను, పాలు, హాలు, పులి, హులి, పది, హత్తు. మన మాట మొదటి పకారము వారికి హకార మగుచున్నది. ఇది ఒకటి రెండు మాటలలో గాదు, వరుసగా నగుచున్నది. ప్రాచీన కన్నడమున ఈ మాటలకు పకారమే యుండెను. అట్లే వారి కివి, కెరె, కెడు అనువానికి మన చెవి, చెరువు, చెడు అనునవి సరిపోవును. ఇట్టి వరుస యున్నచోటనే చుట్టఱికము. వరుస లేని పోలిక దారిలో కలిసిన ముఖముల పోలికవంటిది.

ఇక లెక్క. తమిళమున కణ్, శెవి, మూక్కు, పల్, నాక్కు, కై, కాల్, ఎలుంబు, నీర్, నెరుప్పు, పాంబు, పేన్, పెయర్, నాన్, నీ, ఇరండు, తిన్ అను పదునేడు మాటలు మనవానితో కలిసినవి. కలియనివి ఎనిమిది: నోటికి వాయ్, నెత్తురునకు రత్తం, రాతికి కల్, చెట్టునకు మరం, ఆకునకు ఇలై, కుక్కకు నాయ్, చేపకు మీన్, గుడ్డునకు ముట్టై. ఇరువదియైదింట పదునేడనగా నూటికి 68.

కన్నడమున నెత్తరు కలిసినది గాని నిప్పునకు బెంకి యనుటచే అది కలియలేదు. బాయి, కల్లు, మర, ఎలె, నాయి, మీను, మొట్టె ఇవియు కలియలేదు. మరల పదునేడే! నూటికి 68.

ఈ సంఖ్యను నల్లబల్లమీద వ్రాసి కొంతసేపు ఊరకుంటిని. తెలుగునకు తమిళము ఎంత దూరమో కన్నడమును అంతే దూరమా? అప్పుడు ముందుబల్లమీది బాలిక యొకతె, "అయ్యా, ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి లెక్కించలేదు కదండీ?" అనెను. నిజమే. లెక్కించితిమి. వాయ్, బాయి కలిసినవి. కల్, కల్లు కలిసినవి. మరం, మర, ఇలై, ఎలె, నాయ్, నాయి, మీన్, మీను, ముట్టై, మొట్టె అన్నియు కలిసినవి. కలియనివి రెండే, రత్తమును నెత్తరును, నెరుప్పును బెంకియును. ఇరువదియైదింట ఇరువదిమూడు, నూటికి 92. కన్నడమునకు దగ్గఱి తోబుట్టువు తెలుగు కాదు, తమిళము. లిపిని చూచి నేను చెప్పిన మాట తప్పు. "ఇంతకు ముందు నావద్ద చదివి వెళ్లిన మీ యన్నలకును అక్కలకును ఈ మాట మీరే చెప్పుడు" అని పిల్లలతో నంటిని. ఒకరిద్దఱు నిజముగనే చెప్పిరి. పూర్వవిద్యార్థి యొకడు బజారులో నన్ను చూచి, "మాస్టరుగారూ, కన్నడం మనకు దూరమైపోయిందటగా!" అని నవ్వెను.

అయితే తెలుగు ఒంటరిదా? ఇచ్చట లెక్క మాత్రమే చాలదు, తర్కము కూడ కావలెను. మనకు కలియని యెనిమిది మాటలను మరల చూడుడు. "వాయి" యను మాట తెలుగున పూర్తిగా చావలేదు. వాకిలి యనగా ఇంటి నోరు. పులివాత బడుట యనగా పులినోట బడుట. "కల్" ఓరుగల్లు పేరులో దాగియున్నది. ఏకశిలానగర మను సంస్కృతనామము దాని యర్థమే. "మరం" మనకు మ్రాను, మాను. మా పల్లెలలో "వేపమాను" అనని ముసలివారు లేరు. కనుక ఇవి యొకప్పుడు మనకును నుండెను. తరువాత వాని స్థానమును రాయి, చెట్టు, నోరు ఆక్రమించినవి. గోండులు చేపను మీన్ అందురు, కుక్కను తమిళులవలెనే నాయ్ వంటి మాటతో పిలుతురు. అంతమాత్రమున గోండి తమిళమునకు దగ్గఱిది కాదు. ముత్తవ్వ యిచ్చిన చీరను ఇద్దఱు మనుమరాండ్రు దాచుకొన్నంత మాత్రమున వారిద్దఱును అక్కచెల్లెండ్రు కానక్కఱలేదు. పెదతల్లి పినతల్లి బిడ్డలును దాచుకొనవచ్చును. పాతదానిని నిలుపుకొనుట దగ్గఱి చుట్టఱికమునకు సాక్ష్యము కాదు. క్రొత్తమార్పును కలిసి చేసికొనుటయే సాక్ష్యము.

అట్టి క్రొత్తమార్పు ఒకటి మన వంటింటిలోనే యున్నది. తమిళులు ఉరల్ అనుదానిని మనము రోలు అందుము. వారు అవర్, మనము వారు. వారు అవన్, మనము వాడు. వారు ఇళ, మనము లేత. వారు మరం, మన ప్రాచీనులు మ్రాను. మాట మొదటనున్న అచ్చు లోపలికి జరిగి, లోపలి హల్లు ముందునకు వచ్చినది. ఈ వింత కన్నడ తమిళములలో వరుసగా కానరాదు. కాని ఉత్తరమున కొండలలోని కుయి భాషలో చెట్టు "మ్రహ్ను". కొండభాషలో వాడు "వాన్ఱు". కావున తెలుగు కన్నడమువైపు గాక గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలవైపు నిలిచినది. వీనినే నేడు దక్షిణమధ్య ద్రావిడ శాఖ యందురు. చదువుకొన్న తెలుగువారు అడవిభాషలని చులకనగా చూచినవే మన భాషకు స్వంత యక్కచెల్లెండ్రు.

ఈ శాఖను స్థిరపఱచినవారు మన జిల్లావారే యని చెప్పుటకు నాకు గర్వముగా నున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928 లో ఒంగోలున జన్మించిరి. 2012 లో మరణించిరి. తెలుగు ధాతువులను గూర్చిన వారి గ్రంథము 1961 లో వెలువడెను. ఆ సంవత్సరముననే బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడ వెలువడెను. 1984 నాటి రెండవ ముద్రణములో దాని పద్దులు అయిదువేలకు మించినవి. 1983 లో కృష్ణమూర్తిగారు మోసెస్, డాన్ఫోర్త్ అను నిద్దఱితో గలిసి పైన చెప్పిన అచ్చు మార్పునే గణితమునకు ఎక్కించిరి. గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అను ఆరు భాషలకు వంశవృక్షము ఎన్ని విధముల గీయవచ్చునో తెలియునా? 945 విధముల! అఱువదికి మించిన పదములలో మార్పు జరిగినవి యేవి, జరుగక మిగిలినవి యేవి యని చూచి, ఆ 945 వృక్షములలో పదములతో నన్నింటికన్న బాగుగా పొసగునది ఏదో ఎంచిరి. మార్పు చెందని పదములే శాఖలను వేఱుపఱచుటకు కొలబద్ద యని వారు చూపుట ఇందలి విశేషము. లెక్కల మాస్టరుగారికి ఈ సంగతి చెప్పగా, ఆయన మఱునాడే పదవ తరగతికి 945 ఎట్లు వచ్చునో (1 × 3 × 5 × 7 × 9) చేసి చూపించిరి.

ఇక స్వాదేశ్ గడియారము సంగతి. ఆయన మాటలను లెక్కించుటతో నాగలేదు. నూఱు మాటల పట్టికలో వేయి సంవత్సరములకు 86 మాటలు నిలుచును, 14 మాఱును అనెను. విడిపోయిన రెండు భాషలును వేఱువేఱుగా మాఱును గావున, వేయి సంవత్సరములకు ఉభయులకు ఉమ్మడిగా మిగులునవి 86 లో నూటికి 86, అనగా సుమారు 74. దీనిని బట్టి విడిపోయిన కాలము చెప్పవచ్చునట. పిల్లలు ఉత్సాహముతో మా సంఖ్యలను ఈ సూత్రములో వేసిరి. తెలుగు తమిళములు విడిపోయి సుమారు 1,280 సంవత్సరము లైనదని వచ్చినది. కాని కడప మండలమునందలి కలమళ్ల శాసనము క్రీ. శ. 575 ప్రాంతముది, దానికి ఇప్పటికే 1,400 సంవత్సరములు దాటినవి. ఆ శాసనములోనిది స్పష్టముగా తెలుగు. బిడ్డ పుట్టకముందే బిడ్డ వ్రాసిన జాబు దొరకినట్లయినది! కన్నడ తమిళముల సంగతి మఱియు చోద్యము. 92 సంఖ్యకు సుమారు 280 సంవత్సరములు వచ్చినవి. అనగా హైదరాలీ కాలమునకు కొంచెము ముందు. హల్మిడి కన్నడ శాసనమో, క్రీ. శ. 450 ప్రాంతముది.

తప్పెచ్చట? మా పట్టిక చిన్నది. ఒక్క మాట మాఱిన నూటికి నాలుగు మాఱును. మేము అవయవముల పేళ్లను ఎక్కువగా నేరితిమి. అవి అన్నింటికన్న గట్టిగా నిలుచునవి. లెక్కించువాని యెంపికయు గలదు. తమిళులు నిత్యవ్యవహారమున చెవిని కాదు అందురు, శెవి గ్రంథములలోనిది. కన్నడిగులు ఎముకను ఎలుబు అనుటకంటె మూళె అనుట హెచ్చు. ప్రాచీన తమిళమున నెత్తురునకు నెయ్‌త్తోర్ అను మాట గలదు. దానిని లెక్కింతుమా, నేటి రత్తమును లెక్కింతుమా? అన్నింటికి మించి గడియారమే సరియైనది కాదు. అన్ని భాషలు ఒక్క వేగమున మాఱవు. 1962 లో బెర్గ్‌లాండ్, ఫోగ్ట్ అను నార్వే పండితులు ఐస్‌లాండు భాష సూత్రము చెప్పినదానికంటె ఎంతయో తక్కువ మాఱినదని చూపిరి. దానితో ఆ గడియారమును పెక్కురు ప్రక్కన బెట్టిరి. నా మాట యేమనగా, పట్టిక మంచిది, గడియారము చెడ్డది. ఎవరు దగ్గఱ, ఎవరు దూరము అని పట్టిక చెప్పగలదు. ఎన్ని యేండ్లని చెప్పుమనుట దానిని హింసించుట.

గడియారమును మరమ్మతు చేయు ప్రయత్నము నేటికిని సాగుచున్నది. 2018 లో విష్ణుప్రియ కొలిపాకంగారును, వారి సహచరులును ఇరువది ద్రావిడ భాషల వారినుండి నూఱేసి మాటలు సేకరించి, ఒక్కొక్క భాషకు ఒక్కొక్క వేగ ముండవచ్చునని యొప్పుకొను సంభావ్యతా గణితముతో కంప్యూటరుచే లెక్క వేయించిరి. ద్రావిడకుటుంబము వయస్సు సుమారు 4,500 సంవత్సరములని వారికి వచ్చినది. అయితే అది 3,000 మొదలు 6,500 వఱకు ఎంతైనను కావచ్చునని వారే చెప్పిరి. తన సంఖ్యకు అటునిటు ఎంత సందేహమున్నదో తానే చెప్పు లెక్కను నేను నమ్ముదును.

ఆ తండా బాలునికి నే నియ్యవలసిన యుత్తరము మిగిలినది. ఉత్తరము నేను చెప్పలేదు. వానినే పట్టిక వ్రాసి తెమ్మంటిని. సోమవారమున తెచ్చెను. చెవి కాన్, ముక్కు నాక్, చేయి హాత్, నీరు పాణి. ఒకటి మొదలు పది వఱకు అంకెలు కూడ వ్రాసెను. మూడు తీన్, నాలుగు చార్, అయిదు పాంచ్, ఏడు సాత్, పది దస్. హిందీ పాఠ్యపుస్తకమును ప్రక్కన బెట్టుకొని వాడే నల్లబల్లమీద గీతలు కలిపెను. తెలుగుతో కలిసిన గీత యొక్కటియు రాలేదు. హిందీతో దాదాపు ప్రతి మాటకును వచ్చినది. "అయితే మేము మీకు చుట్టాలం కాదన్నమాట" అని కొంచెము చిన్నబోయి యనెను. "భాషకు చుట్టములు కారురా నాయనా; కాని రాజస్థానమునుండి ఇంత దూరము వచ్చియు ఇన్ని తరములు తెలుగు నడుమ నుండియు కాన్, నాక్, హాత్ అను మాటలను మీ యవ్వలు పోనీయలేదు చూడు" అంటిని. అప్పుడు తరగతిలో నెవరును నవ్వలేదు. వాని ప్రక్కనున్న పిల్లవాడు, గుడ్డును ఏమందురని వానిని అడుగుచుండెను.

ఎఱుకల మాటకు వరుస యొకటి గీసి యుంచితిమి. అందు ఇంకను పదునొకండు గడులు ఖాళీగా నున్నవి. తెలిసిన ముసలమ్మ వినుకొండలో కూతురింట నున్నదట. వేసవి సెలవులలో ఇద్దఱు బాలికలు బండి యెక్కి పోయి యడిగి వచ్చెదమని పేళ్లిచ్చిరి.